చేతిలో ఫోన్ ఉన్న రోమియో ఎందుకు చనిపోవాలి?

(పాత విషాదాంత నాటకాలను ఈ కాలానికి మార్చి ఆడినప్పుడు నటననీ రంగ నిర్వహణనీ ఎలా అంచనా వెయ్యాలన్న విషయం మీద నాటక ప్రియుల సభలో చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసినది.)

అందరికీ నమస్కారం. ముందు వరసల్లో నటులు కూర్చున్నారు, వెనక సమీక్షలు రాసేవాళ్ళు ఉన్నారు. వెనకవాళ్ళకి వినబడుతోందా? సరే. ఇవాళ్టి విషయం ఇద్దరికీ సంబంధించిందే. ఉపోద్ఘాతం వద్దు, నేరుగా ఒక ప్రశ్నతో మొదలుపెడతాను.

రోమియో చేతిలో ఫోన్ ఉందనుకోండి. కథని ఈ కాలానికి తెచ్చాం కాబట్టి ఉండి తీరాలి. జూలియెట్ చనిపోలేదు, మందు తాగి పడుకుంది, 42 గంటల తర్వాత లేస్తుంది. ఈ సంగతి అతనికి తెలియడానికి ఒక్క మెసేజ్ చాలు. మరి రోమియో ఎందుకు చనిపోవాలి?

నవ్వకండి, ఇది నిజంగా పెద్ద ప్రశ్న. పాత విషాద నాటకాన్ని ఆధునికం చేసిన ప్రతి దర్శకుడూ ఏదో ఒక రూపంలో దీనికి జవాబు చెప్పాలి. చెప్పకపోతే ప్రేక్షకుడు ఏడవడు. "ఫోన్ చెయ్యొచ్చు కదా" అనుకుంటాడు. అలా ఒక్కసారి అనుకున్నాడా, అంతే, ఆ తర్వాత నటులు ఎంత గొప్పగా చేసినా ఆ మనిషి మళ్ళీ కథలోకి రాడు.

మూల నాటకంలో ఏం జరిగిందో ఒకసారి చూద్దాం. జూలియెట్ సంగతి ఉత్తరంలో ఉంది. ఆ ఉత్తరం పట్టుకుని ఒక సన్యాసి బయల్దేరతాడు. దారిలో ఒక ఇంట్లో ప్లేగు ఉందన్న అనుమానంతో అధికారులు అతన్ని లోపలే ఉంచి తలుపులకి సీలు వేస్తారు. ఉత్తరం చేరదు. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసింది దాదాపు 1595లో. దానికి కాస్త ముందు, 1592 నుంచి 1594 దాకా, ప్లేగు వల్ల లండన్ నాటకశాలలు చాలాకాలం మూసే ఉన్నాయి. అంటే ఆ ప్రేక్షకులు సీలు వేసిన తలుపుల్ని కళ్ళారా చూసినవాళ్ళు. ఉత్తరం ఎందుకు ఆగిందో వాళ్ళకి ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. రెండు మూడు వాక్యాల్లో దారి మూసుకుపోయింది, అందరూ నమ్మారు.

నేను ఇవాళ చెప్పదలచుకున్నది ఇదే. విషాద నాటకం అంటే ఒక మనిషికి బయటపడే దారులన్నీ ఒక్కొక్కటిగా మూసుకుపోవడం. కథని ఈ కాలానికి తెచ్చేసరికి కొత్త దారులు తెరుచుకుంటాయి. ఫోనుంది, పోలీసులున్నారు, ఆసుపత్రి ఉంది, విడాకులున్నాయి, విమానం ఉంది. వాటిని మళ్ళీ మూసే బాధ్యత దర్శకుడిది. మూసుకుపోయిన సంగతి ఆ పాత్రకి తెలిసిన క్షణం, మనకీ తెలిసేలా చెయ్యాల్సింది నటుడు. సూటు బాగుందా, సెట్టు బాగుందా అన్నవి ఆ తర్వాతి మాటలు.

ఈ దారులు తెరవడం కొత్తేమీ కాదు. 1681లో నహూమ్ టేట్ అనే ఆయన కింగ్ లియర్‌ని తన కాలపు అభిరుచికి తగ్గట్టు మార్చాడు. ఆయన కథలో లియర్ చిన్న కూతురు కార్డీలియా చనిపోదు, ఎడ్గర్ అనే ప్రభువు కొడుకుని పెళ్ళి చేసుకుంటుంది. లియర్ బతుకుతాడు. ఇంగ్లీషు రంగస్థలం మీద దాదాపు 150 ఏళ్ళు ఆ రూపమే నడిచింది. 1838లో మాక్రెడీ అనే నటుడు మళ్ళీ షేక్‌స్పియర్ రాసిన నాటకాన్నే ఆడించేదాకా జనానికి తెలిసిన లియర్ అదే. ఆ నూటయాభై ఏళ్ళూ గొప్ప గొప్ప నటులు లియర్ వేశారు. వాళ్ళ నటనలో లోపం లేకపోవచ్చు. కానీ దారి తెరిచే ఉంది. తెరిచి ఉన్న దారి ముందు నిలబడి ఎంత విలపిస్తే మాత్రం ఏం లాభం?

సరే, మళ్ళీ రోమియో దగ్గరికి వద్దాం. ఫోన్‌ని ఏం చెయ్యాలి? చాలామంది చేసే పని, సిగ్నల్ లేదనడం. లేదా బ్యాటరీ అయిపోయిందనడం. నాకు ఇది బొత్తిగా నచ్చదు. ఎందుకంటే అక్కడ దారిని మూసింది కథ కాదు, రచయిత అవసరం. ప్లేగు ఊరంతటినీ పట్టిన విపత్తు, ఆ లోకంలో అది ఉండి తీరుతుంది. బ్యాటరీ అలా కాదు. ఫోన్ పనిచేస్తూనే పనికిరాకుండా పోవాలి. తెలియని నంబరు కాబట్టి ఎత్తలేదు. కుటుంబం ఫోన్ లాక్కుంది. వంద మెసేజిల్లో "అయ్యో పాపం" అన్నవే ముందు కనబడ్డాయి, అసలుది కిందెక్కడో ఉండిపోయింది. ఇవన్నీ ఈ లోకంలోంచి పుట్టిన అడ్డంకులు. వీటిలో మనుషులున్నారు, వాళ్ళ భయాలున్నాయి, నటుడు ఆడటానికి చోటుంది. సిగ్నల్ లేని ఫోనుతో నటుడు ఏం చేస్తాడు? పైకెత్తి అటూ ఇటూ తిప్పుతాడు. అంతే కదా!

1996లో బాజ్ లుర్మన్ తీసిన సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. లియొనార్డో డికాప్రియో, క్లెయిర్ డేన్స్. అందులో కత్తుల బదులు తుపాకులుంటాయి, కానీ ఆ తుపాకుల మీద బ్రాండు పేరుగా "స్వోర్డ్" అని ఉంటుంది. అంటే పాత మాట మార్చకుండానే కొత్త వస్తువు చేతికొచ్చింది. తెలివైన పని. ఉత్తరం కొరియర్‌లో వెళుతుంది, సమయానికి రోమియోకి అందదు. ఇది పర్వాలేదు అనిపించే స్థాయి పరిష్కారం, అంతకన్నా కాదు. ప్లేగులో ఉన్న బరువు కొరియర్‌లో లేదు.

కానీ చివరి సన్నివేశం చూడండి. అక్కడ కాసేపు ఆగుదాం, నటన, రంగ నిర్వహణ రెండూ కలిసే చోటు అది.

మూలంలో రోమియో విషం తాగి చనిపోయాక జూలియెట్ లేస్తుంది. లుర్మన్ సినిమాలో అతను విషం తాగే క్షణంలోనే ఆమె కళ్ళు తెరుస్తుంది, చెయ్యి అతని చెంపకి తగులుతుంది. అతను ఆమెని చూస్తాడు. చూసేసరికి అయిపోయింది. ఇది కొత్త ఆలోచన అని అప్పట్లో చాలామంది అనుకున్నారు. కానీ 1748లోనే డేవిడ్ గారిక్ అనే నటుడు తన ప్రదర్శనలో రోమియో బతికుండగానే జూలియెట్‌ని లేపాడు, ఇద్దరి చేతా చాలాసేపు మాట్లాడించాడు కూడా. లుర్మన్ ఆ సంభాషణ పెట్టలేదు, ఒక్క చూపు మిగిల్చాడు. అది మంచి నిర్ణయమని నా అభిప్రాయం. మాటలొస్తే ఓదార్పు వస్తుంది. చూపులో ఓదార్పు లేదు. డికాప్రియో ముఖం అక్కడ గమనించండి. ముందు దుఃఖం కాదు, అర్థం కాకపోవడం కనబడుతుంది. దుఃఖం ఆ తర్వాత వస్తుంది. ఆ వరస చాలా ముఖ్యం. తొందరపడే నటుడు నేరుగా దుఃఖంలోకి దూకేస్తాడు. ఏం జరిగిందో పాత్రకి తెలియకముందే నటుడికి తెలిసిపోయిందన్నమాట.

మరి ఈ మార్పుకి ఏం మూల్యం చెల్లించారు? ఇది కూడా అడగాలి. మూలంలో జూలియెట్ లేచేసరికి లారెన్స్ అనే మరో సన్యాసి అక్కడికి వస్తాడు, ఉత్తరం పట్టుకెళ్ళినవాడు కాదు. ఈ పథకమంతా వేసిందే ఆయన. "పద, నిన్ను సన్యాసినుల దగ్గర చేరుస్తాను" అంటాడు. బయట కాపలావాళ్ళ అలికిడి వింటాడు. భయపడతాడు. ఆమెని అక్కడ వదిలేసి పారిపోతాడు. ఈ పిల్లకి ఆ లోకంలో మిగిలిన ఆఖరి పెద్దమనిషి, ఆఖరి దారి, కాళ్ళకి బుద్ధి చెబుతాడు! సినిమాలో ఆ ఘట్టం లేదు. అక్కడ జూలియెట్ ఒంటరి. నాటకంలో ఆమెని ఒంటరిని చేశారు. రెండింటికీ ఎంత తేడా ఉందో ఆలోచించండి. నేనైతే ఆ సన్యాసిని ఉంచమంటాను. లుర్మన్ ఎంచుకున్నది ప్రేమికుల విషాదం, మూలంలో ఉన్నది పెద్దల చేతకానితనం కూడా. సమీక్ష రాసేవాళ్ళు ఈ మాట రాయాలి. "క్లైమాక్స్ అద్భుతం" అని ఊరుకుంటే ఏం తెలిసినట్టు? ఏం చేర్చారన్నది అందరికీ కనబడుతుంది. ఏం తీసేశారన్నది మూలం చదివినవాడికే కనబడుతుంది. దయచేసి ప్రదర్శనకి వెళ్ళేముందు మూలం చదవండి.

ఇక నటన సంగతి. మనకి ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్త్వికం అని నాలుగు రకాల అభినయం చెప్పారు కదా. అంటే ఒంటి కదలిక, మాట, వేషం, లోపలి భావం. ఆధునికం చెయ్యడం అంటే ముందుగా ఆహార్యం మారుతుంది. 1925లో బారీ జాక్సన్ సంస్థ హామ్లెట్‌ని ఆనాటి మామూలు దుస్తుల్లో ఆడినప్పుడు పత్రికల్లో గొడవంతా ప్యాంటుల గురించే. వందేళ్ళు గడిచినా మన సమీక్షలు అక్కడే తచ్చాడుతున్నాయి. ఆహార్యం మారితే మిగతా మూడూ మారాలి, అవి మారాయా అని ఎవరు చూస్తున్నారు?

ఆంగికం తీసుకోండి. పొడవాటి అంగీ, నడుముకి కత్తి ఉన్నప్పుడు నటుడి చెయ్యి ఎక్కడ పెట్టాలో సమస్య లేదు. మామూలు చొక్కా వేసేసరికి చేతులు అనాథలైపోతాయి. జేబులోకి పోతాయి, జుట్టులోకి పోతాయి. అవి పాత్ర చేతులా, నటుడి చేతులా? చూస్తే ఇట్టే తెలిసిపోతుంది.

దీనికి ఒక గొప్ప ఉదాహరణ చెబుతాను. రూపర్ట్ గూల్డ్ దర్శకత్వంలో 2007లో మాక్బెత్ ఆడారు, 2010లో దాన్నే చిత్రీకరించారు. పాట్రిక్ స్టీవర్ట్ మాక్బెత్, కేట్ ఫ్లీట్‌వుడ్ ఆయన భార్య. ఇరవయ్యో శతాబ్దపు నియంత పాలన లాంటి వాతావరణం, మంత్రగత్తెలు ఆసుపత్రి నర్సుల వేషంలో ఉంటారు. అందులో మాక్బెత్ తన మిత్రుడు బాంకోని చంపడానికి హంతకుల్ని కుదుర్చుకునే ఘట్టం ఉంది. మూలంలో అది మామూలు సంభాషణ, చాలా ప్రదర్శనల్లో బోరు కొట్టే చోటు. ఇక్కడ స్టీవర్ట్ ఏం చేస్తాడు? శాండ్‌విచ్ తయారు చేసుకుంటాడు. హత్య గురించి మాట్లాడుతూనే రొట్టె, మాంసం, కత్తి. ఆ పని తాపీగా, శ్రద్ధగా సాగుతుంది. చేతులు వణకవు.

ఇక్కడ శాండ్‌విచ్ ఎందుకు పెట్టారు? ఇది ఆధునిక కాలం అని చెప్పడానికా? అది సెట్టు ఎప్పుడో చెప్పేసింది. రాజు డంకన్‌ని చంపిన రాత్రి ఇదే మనిషి తన చేతులకి అంటిన రక్తం సముద్రమంతా పోసినా కడగలేమని వణికిపోయాడు. ఇప్పుడు అవే చేతులు తిండి తయారు చేసుకుంటున్నాయి. మొదటి హత్యకీ రెండో హత్యకీ మధ్య ఈ మనిషికి ఏమైందో ఒక్క పనితో తెలిసిపోయింది. వెనక్కి వెళ్ళే దారి మూసుకుపోవడం అంటే అది. అతను ఏడవలేదు, అరవలేదు, ఆకలేసింది. నాకు ఆ ఘట్టం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అదే ప్రదర్శనలో విందు సన్నివేశం ఇంకో పాఠం. బాంకో దయ్యం వస్తుంది, మాక్బెత్‌కి మాత్రమే కనబడుతుంది. ఏ దర్శకుడికైనా అక్కడ ఒక చిక్కు. దయ్యాన్ని మనకి చూపించాలా, ఖాళీ కుర్చీ చూపించాలా? చూపిస్తే మనం మాక్బెత్ తలలో ఉంటాం. చూపించకపోతే అతిథుల మధ్య కూర్చుని పిచ్చివాణ్ణి చూస్తాం. గూల్డ్ రెండూ చేశాడు. ఇంటర్వెల్‌కి ముందు దయ్యం వస్తుంది, మనం చూస్తాం. ఇంటర్వెల్ తర్వాత అదే విందు మళ్ళీ మొదలవుతుంది, ఈసారి దయ్యం లేదు. అదే అరుపు, అదే భయం, ఎదురుగా ఏమీ లేదు. ఇప్పుడు స్టీవర్ట్‌కి ఎంత కష్టమైన పని పడిందో చూడండి. దయ్యంతో ఆడిన ప్రతిస్పందనే దయ్యం లేకుండా ఆడాలి. ఒక్క వెంట్రుకవాసి పెంచినా, తగ్గించినా మోసం బయటపడుతుంది. దర్శకుడి ఎంపిక నటుణ్ణి పరీక్షకి నిలబెట్టింది. నటుడు నెగ్గాడు కాబట్టి ఆ ఎంపిక నెగ్గింది. సమీక్షలో "దర్శకత్వం బాగుంది, నటన బాగుంది" అని విడివిడిగా రెండు పేరాలు రాస్తే ఈ సంగతి ఎక్కడ చెబుతారు?

వాచికం దగ్గర నాకో పెద్ద ఫిర్యాదు ఉంది. పాత నాటకం, పాత పద్యభాష, ఒంటి మీద కోటు. నటులు రెండు రకాలుగా తప్పటడుగు వేస్తారు. కొందరు రాగం తీస్తారు. కొందరు, ముఖ్యంగా సినిమా నుంచి వచ్చినవాళ్ళు, సహజంగా ఉండాలని గొణుగుతారు. మొదటి తప్పుని అందరూ పట్టుకుంటారు. రెండోదాన్ని "ఎంత సహజంగా చేశాడో" అని మెచ్చుకుంటారు. కాదు! ఆ భాషలో ఒక ఆలోచన నాలుగు పాదాల పొడుగున నడుస్తుంది. చివరి పాదంలో గాని అది తేలదు. నటుడు మధ్యలో ఆగి ఒక నిట్టూర్పు, నుదురు రుద్దుకోవడం ఒకటి చేర్చాడంటే ఆలోచన అక్కడే తెగిపోతుంది. మనకి అతని అలసట తెలుస్తుంది, అతని బుద్ధి తెలియదు. హామ్లెట్ బుద్ధి తెలియకపోతే ఇంకేం మిగిలింది?

ఇప్పుడు ఒథెల్లో. 2013లో నికొలస్ హైట్నర్ లండన్ నేషనల్ థియేటర్‌లో ఆడించిన ప్రదర్శన. ఏడ్రియన్ లెస్టర్ ఒథెల్లో, రోరీ కినియర్ ఇయాగో. సైప్రస్‌ని ఈనాటి సైనిక స్థావరంగా పెట్టారు. సేనాని ఒథెల్లో దగ్గర పనిచేసే ఇయాగో, ఒథెల్లో భార్య డెస్డిమోనాకి కాసియో అనే అధికారితో సంబంధం ఉందని అబద్ధం నమ్మిస్తాడు, అదీ కథ. ఒథెల్లోని ఈ కాలానికి తెచ్చినప్పుడు వచ్చే ప్రశ్నలు మీకు తెలుసు. ఇంత పెద్ద ఆరోపణ వస్తే భార్యని నేరుగా అడగడా? ఆమె వెళ్ళిపోదా? ఒక జేబురుమాలు చూసి హత్య చేస్తారా? సైనిక స్థావరం వీటన్నిటికీ జవాబు చెబుతుంది. చుట్టూ గోడ, లోపల ఇరుకు గదులు, ఎవరూ బయటికి పోలేరు. అందరూ యూనిఫారంలో ఉంటే సివిల్ బట్టల్లో ఉన్న డెస్డిమోనా ఆ చోటికి చెందని మనిషని చూడగానే తెలుస్తుంది. ఇయాగో భార్య ఎమీలియాని కూడా సైనికురాలిని చేశారు, దాంతో ఆమె అక్కడ ఎందుకుందన్న ప్రశ్నే లేదు. అన్నిటికన్నా ముఖ్యం, సైనికుడు పక్కనున్న సైనికుణ్ణి నమ్మాలి. నమ్మకపోతే యుద్ధంలో ప్రాణం పోతుంది. అంటే ఇయాగోని నమ్మడం ఒథెల్లో అమాయకత్వం కాదు, అతని వృత్తి. ఒక్క స్థలం మార్పుతో పాత నాటకంలో మనల్ని ఇబ్బంది పెట్టే సంగతి బలమైంది. నేను చూడాలనుకునే ఆధునికీకరణ ఇలాంటిది.

ఇయాగో వేషాన్ని ఎలా అంచనా వేస్తారు? చాలామంది స్వగతాలు చూస్తారు. ప్రేక్షకులతో మాట్లాడే ఆ చోట్లు చప్పట్లు తెస్తాయి, నిజమే. నేను మాత్రం మూడో అంకం మూడో రంగం కోసం కాచుకుని కూర్చుంటాను. కాసియో డెస్డిమోనాతో మాట్లాడి వెళ్ళిపోతుంటాడు. ఇయాగో ఒక్క ముక్క అంటాడు, అది నాకు నచ్చలేదని. ఒథెల్లో, ఏమన్నావు అని అడుగుతాడు. ఏం లేదు ప్రభూ అంటాడు ఇయాగో. ఇంతే. మొత్తం నాటకం ఈ మూడు మాటల మీద నిలబడింది.

నటులు ఇక్కడ చూడండి. ఆ మొదటి ముక్క ఎంత గొంతుతో అనాలి? ఒథెల్లోకి వినబడేలా గట్టిగా అంటే వల వేస్తున్నట్టు అందరికీ తెలిసిపోతుంది, ఒథెల్లో తెలివితక్కువవాడిలా కనబడతాడు. మరీ లోపల అనుకుంటే ఒథెల్లో అడగడానికి కారణం లేదు. ఆ రెండింటి మధ్య ఎక్కడో సరైన చోటుంది, ప్రతి నటుడూ తనది తాను వెతుక్కోవాలి. దానికన్నా కష్టం ఆ తర్వాతి క్షణం. ఒథెల్లో అడగాలి కదా? అడుగుతాడా, వదిలేస్తాడా? అప్పుడు ఇయాగో వేసిన నటుడు ఏం చేస్తున్నాడు? చేతిలో కాగితాలు సర్దుకుంటున్నాడా, ఒథెల్లో వైపు చూస్తున్నాడా? చూస్తే నాశనం. ఎదురుచూస్తున్నట్టు తెలిసిపోతుంది. వినని మనిషిలా ఉంటూ ఒళ్ళంతా చెవులు చేసుకుని వినాలి.

అందుకని నేను సమీక్షకులకి ఎప్పుడూ చెబుతాను, మాట్లాడేవాణ్ణి చూడకండి, వినేవాణ్ణి చూడండి. మాట్లాడేవాడికి షేక్‌స్పియర్ సాయం ఉంది, ప్రాచీన గ్రీకు నాటకకర్త సోఫోక్లిస్ సాయం ఉంది. వినేవాడికి ఎవరూ లేరు. సాత్త్వికం అనేది బయటపడేది అక్కడే.

సోఫోక్లిస్ మాటెత్తాను కాబట్టి ఈడిపస్ గురించి కొంచెం. తెలియకుండా తండ్రిని చంపి, తల్లినే పెళ్ళాడిన రాజు కథ అది. ఈ కథని ఆధునికం చెయ్యడం ఇంకా కష్టం. తండ్రి ఎవరు, తల్లి ఎవరు అన్నది ఇవాళ ఒక డీఎన్ఏ పరీక్షతో తేలిపోతుంది. నాటకం పావుగంటలో అయిపోవాలి! రాబర్ట్ ఐక్ దీన్ని ఎన్నికల రాత్రిగా మార్చాడు. 2018లో ఆమ్‌స్టర్‌డామ్‌లో, తర్వాత 2024లో లండన్‌లో మార్క్ స్ట్రాంగ్, లెస్లీ మాన్విల్‌తో. ఈడిపస్ గెలవబోతున్న నాయకుడు. తన జనన ధ్రువపత్రం బయటపెడతానని, పాత పాలకుడు లాయస్ మరణం మీద మళ్ళీ విచారణ జరిపిస్తానని ప్రజలకి మాట ఇస్తాడు. వేదిక మీద ఒక గడియారం వెనక్కి లెక్కపెడుతూ ఉంటుంది.

దీని బలం ఎక్కడుందంటే, మూలంలోనూ ఈడిపస్‌ని ఎవరూ తరమరు. ఆపెయ్యమనే అందరూ చెబుతారు. జోస్యుడు టైరీసియస్ చెబుతాడు, భార్య జొకాస్టా బతిమాలుతుంది, గొర్రెల కాపరి నోరు విప్పనంటాడు. అన్ని దారులూ తెరిచే ఉన్నాయి, తన చేత్తో తనే మూసుకుంటూ పోతాడు. నిజం తెలుసుకుని తీరతానని మాట ఇచ్చాడు కాబట్టి. ఎన్నికల్లో మాట ఇచ్చిన నాయకుడు అంటే ఇవాళ్టి ప్రేక్షకుడికి వెంటనే అందుతుంది. గడియారం మీద మాత్రం నాకు కొంత సందేహం. టెన్షన్ పెంచుతుంది, ఒప్పుకుంటాను. కానీ నటుడి ముఖం చూడాల్సిన కళ్ళు అంకెల మీదికి పోతాయి. ఆ పాత్రకి కావలసింది తనంతట తాను నిజం వైపు నడిచే మనిషి వేగం, గడియారం వేగం కాదు. నటుడు బలమైనవాడైతే గడియారాన్ని మరిపిస్తాడు. కాకపోతే గడియారమే హీరో అయిపోతుంది.

ఇక రాజకీయ పోలికల గురించి రెండు మాటలు చెప్పి వదిలేస్తాను. పాత నాటకంలో నియంత ఉంటే ఇవాళ్టి ఫలానా నాయకుడి జుట్టు, కోటు, చేతులు తిప్పడం పెట్టేస్తారు. హాలు హోరెత్తిపోతుంది. అరగంట తర్వాత ఆ పోలిక అయిపోయింది, నాటకం ఇంకా రెండు గంటలుంది. 1937లో ఆర్సన్ వెల్స్ న్యూయార్క్‌లో జూలియస్ సీజర్‌ని ఫాసిస్టుల యూనిఫారాల్లో ఆడించాడు. సీజర్‌ని చూస్తే ముస్సోలినీ గుర్తొచ్చేవాడు. సెట్టు దాదాపు లేదు, వెనక ఇటుక గోడ, కింద నుంచి పైకి లేచే వెలుగు స్తంభాలు. ప్రేక్షకుల్ని కుదిపేసింది మాత్రం సీజర్ కాదు. సిన్నా అనే కవి. కుట్రదారుల్లో ఒకడి పేరు కూడా సిన్నా, ఆ ఒక్క కారణంతో గుంపు ఇతన్ని చంపేస్తుంది. నేను ఆ సిన్నాని కాదు, కవిని అని మొత్తుకున్నా వినరు. చాలా ప్రదర్శనల్లో కోసేస్తూ వచ్చిన చిన్న ఘట్టం అది. నార్మన్ లాయిడ్ ఆ వేషం వేశాడు. చుట్టూ మనుషులు ఒక్కొక్కరే చేరతారు, వలయం బిగుస్తుంది, మనిషి అందులో మాయమైపోతాడు. దారులు మూసుకుపోవడాన్ని అక్షరాలా వేదిక మీద చూపించాడు వెల్స్, మనుషుల ఒంటితోనే. ముస్సోలినీ పోలికకి కాలం చెల్లింది. గుంపు ఘట్టం గురించి ఇప్పటికీ మాట్లాడుకుంటున్నాం.

ముగించేముందు నటులకీ, దుస్తులు చూసేవాళ్ళకీ ఒక చిన్న సంగతి. కింగ్ లియర్ చివరి రంగంలో, చనిపోయిన కూతుర్ని ఎత్తుకొచ్చిన లియర్, దయచేసి ఈ బొత్తాం విప్పండి అంటాడు. విప్పాక ధన్యవాదాలు చెబుతాడు. నాటకం మొదట్లో రాజ్యాన్ని ముక్కలు చేసి పంచిన మనిషి, ఆజ్ఞలు తప్ప వేరే భాష రాని మనిషి, ఒక బొత్తాం కోసం బతిమాలుతున్నాడు. ఆధునిక ప్రదర్శనల్లో లియర్‌కి బనీనో, ఆసుపత్రి గౌనో వేస్తారు. మరి బొత్తాం ఏది? కొందరు ఆ మాట కోసేస్తారు. కొందరు లేని బొత్తాం కోసం తడుముకుంటారు, అది కూడా ఒక అర్థం ఇస్తుంది. కార్డీలియా బొత్తాం అనుకుంటే ఆమెకి ఊపిరి ఆడాలని, తనదే అనుకుంటే తనకి ఊపిరి ఆడటం లేదని. ఎవరు విప్పారు? పక్కనున్న ప్రభువు కెంటా, ఎడ్గరా? రాజుగారి ఒంటి మీద చెయ్యి వెయ్యడానికి తటపటాయించారా? పైగా 1608లో అచ్చయిన ప్రతిలో, 1623లో అచ్చయిన ప్రతిలో ఈ మరణం ఒకే రకంగా లేదు. 1623 దాంట్లో లియర్ ఆమె పెదవుల వైపు చూడమంటూ పోతాడు, ఆమె బతికుందని నమ్మినట్టే. 1608 దాంట్లో ఆ మాటలు లేవు. దర్శకుడు ఏది తీసుకున్నాడో దాన్నిబట్టి నటుడు చనిపోయే తీరే మారిపోతుంది.

ఇవన్నీ అయిదు నిమిషాల వ్యవధిలో జరుగుతాయి. ఈసారి మీరు సమీక్ష రాసేటప్పుడు ఇలాంటి ఒక్క అయిదు నిమిషాలు పట్టుకుని, ఏం చేశారో, ఏం చెయ్యకుండా వదిలేశారో, దానివల్ల పాత్రకి ఏ దారి మూసుకుందో రాయండి. మిగతా రెండు గంటల గురించి ఒక పేరా చాలు.

నేను చెప్పాల్సింది ఇంతే. గారిక్ ముగింపు మీద ఇందాక వెనక వరసలో ఎవరో చెయ్యెత్తారు. ముందు వారి ప్రశ్న తీసుకుందాం, తర్వాత మిగతావాళ్ళవి.